చీటీల వైద్యం

2024 మార్చిలో బ్రెజిల్ దేశపు శాంటోస్ రేవు నుండి ఎండు ఈస్టు పేరిట వచ్చిన ఒక కంటైనరును విశాఖపట్నంలో సీబీఐ వారు ఆపి తెరిపించారు. పాతిక వేల కిలోల సరుకు. ఆ వ్యవహారంలో నిగ్గు తేల్చడం దర్యాప్తువారి పని, న్యాయస్థానాల పని. నాకు దానితో నిమిత్తం లేదు. అయితే ఆ వారమంతా ఆర్కే బీచిలో పొద్దున్నే నడకకు వచ్చే పెద్దల నోట కూడా 'కొకైను' అనే మాటే వినిపించింది. కిలో ఎంత పలుకుతుంది, ఎవరి హస్తం ఉంది, ఎవరిని ఇరికించారు, ఇవన్నీ చర్చకు వచ్చాయి. మా నడక బృందంలో ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేసి విరమించిన పెద్దాయన ఒకరున్నారు. ఆయన మాత్రం వేరే ప్రశ్న వేశారు. "అదంతా సరేనండీ, అలవాటు పడినవాడికి మందేమిటి?"

మందు లేదు. మన భాషలో మందు అంటే మత్తు కూడా కనుక ఈ జవాబు విని ఇద్దరు ముగ్గురు నవ్వారు. కాని సంగతి అదే. నల్లమందుకూ హెరాయినుకూ మెథడోను, బుప్రెనార్ఫిను ఉన్నాయి. సారాకు డైసల్ఫిరాము ఉంది, నాల్ట్రెక్సోను ఉంది. కొకైను వ్యసనానికని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించిన మందు నేటికీ ఒక్కటీ లేదు. అయినా చికిత్స ఉంది. రోగిని ఏ గదిలోనూ బంధించకుండా, ఇంటి నుండి వచ్చి ఇంటికి పోయేవాడికి చేసే చికిత్స. దానిలో వాడే వస్తువు ఒక చిన్న చీటీ. ఆ చీటీ చరిత్ర చెప్పాలని ఈ వ్యాసం. దానికి ముందు, ఆ చీటీ రాక మునుపు మన దేశంలో ఏం జరిగిందో కొంత చెప్పాలి.

కొకైను మనకు కొత్త కాదు. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ అనే యువ వైద్యుడు దానితో కంటిని మొద్దుబరిచి శస్త్రచికిత్స చేయవచ్చునని నిరూపించాక, జర్మనీ కంపెనీల సీసాలు ప్రపంచంలోని రేవులన్నిటికీ చేరాయి. కలకత్తాకూ బొంబాయికీ చేరాయి. మనవాళ్ళు దాన్ని ముక్కుతో పీల్చలేదు, సూదితో ఎక్కించుకోలేదు. తాంబూలంలో పెట్టుకున్నారు! పెరూ, బొలీవియా కొండవాళ్ళు కోకా ఆకును సున్నంతోనో బూడిదతోనో కలిపి నమిలినట్టే, కలకత్తా కిళ్ళీ దుకాణాల్లో సున్నం రాసిన తమలపాకులో చిటికెడు పొడి వేసి ఇచ్చేవారు. సున్నపు క్షారం వల్ల ఆ మత్తు నోటి చర్మంలోకి త్వరగా ఇంకుతుంది. సముద్రానికి ఆ ఒడ్డున ఉన్నవాళ్ళు, ఈ ఒడ్డున ఉన్నవాళ్ళు ఒకరినొకరు ఎరగకుండానే ఒకే రసాయన రహస్యం కనిపెట్టారన్నమాట. 1902లో కైలాస్ చంద్ర బోస్ అనే కలకత్తా వైద్యుడు ఈ అలవాటు గురించి బ్రిటిష్ మెడికల్ జర్నలులో రాశారు. 1931లో రామనాథ్ చోప్రా, గుర్‌బక్ష్ చోప్రా దేశంలో కొకైను వాడకంపై వివరమైన పరిశీలన ప్రచురించారు. ప్రభుత్వం ఒకదాని వెంట ఒకటి ఆంక్షలు పెట్టింది; 1930లో ప్రమాదకర మాదకద్రవ్యాల చట్టం వచ్చింది. కిళ్ళీ దుకాణంవాణ్ణి పట్టుకోవడం, జరిమానా వేయడం, జైలుకు పంపడం, ఇవే అప్పటి వైద్యం.

విశాఖకు ఆ తాంబూలం ఏ మేరకు వచ్చిందో గాని, విశాఖ రేవు 1933లోనే తెరుచుకుంది. మన జిల్లాకు అంతకు ముందు నుండీ ఉన్న సొంత మత్తులు రెండు: ఏజెన్సీలో మలేరియా జ్వరానికి కాపు అని నమ్మి తినే నల్లమందు, గంజాయి. ఈ రెండవదాని విషయంలో మన వాల్తేరుకు ఒక చిన్న చారిత్రక పాత్ర ఉంది. మద్రాసు రాజధానిలో ఆనాడు ఉన్న మూడు పిచ్చాసుపత్రుల్లో వాల్తేరుది ఒకటి. తక్కినవి మద్రాసు, కళ్ళికోట. 1893-94లో గంజాయిపై విచారణ జరిపిన ప్రభుత్వ సంఘం దేశంలోని ఇలాంటి ఆసుపత్రుల రికార్డులన్నిటినీ తిరగేసింది. 1892లో 222 మంది గంజాయి వల్ల పిచ్చివారయ్యారని కాగితాలు చెబుతున్నాయి. సంఘంవారు ఒక్కొక్క కేసునూ తవ్వి చూస్తే ఆ మాట నిలిచినవి 98 మాత్రమే. తక్కినవాటి సంగతి ఏమిటంటే, రోగిని తీసుకువచ్చిన పోలీసు కాగితంలో 'పిచ్చికి కారణం' అని ఒక గడి ఉండేది. ఆ గడి ఖాళీగా ఉండకూడదు. అతను ఎప్పుడైనా గంజాయి తాగాడా అంటే తాగాడు. సరే, గంజాయి అని రాసేశారు. ఆసుపత్రి గుమాస్తా దానినే దింపుకున్నాడు.

నాకు ఆ గడి మీద చాలాకాలం మనసు నిలిచిపోయింది. మత్తుకు బానిసైనవాడి జీవితంలో మనం నింపే గడి అదొక్కటే. వాడు ఏ రోజు తాగాడో రాస్తాం. తాగని రోజుకు గడి లేదు.

ఇది పుస్తకజ్ఞానం కాదు. మా అన్నయ్య కొడుకు ఒకడు, పేరు చెప్పను, కర్మాగారంలో కాంట్రాక్టు పని చేస్తూ గంజాయికి అలవాటుపడ్డాడు. కొకైను కాదు, అంత ఖరీదైనది వాడికి అందదు. ఇంట్లో గొడవలు ముదిరాక మేమందరం కలిసి వాణ్ణి ఒక ప్రైవేటు కేంద్రంలో చేర్చాం. మూడు నెలలు గేటుకు తాళం, ఫోను లేదు, తల్లి వెళ్ళినా చూపించలేదు. వాడు శుభ్రంగా తిరిగి వచ్చాడు. కాని ఉద్యోగం పోయింది, స్నేహితులు వాళ్ళే, వీధి అదే. పదో రోజు రాత్రి కళ్ళు ఎర్రబడి వచ్చాడు. ఆ రాత్రి ఇల్లంతా లేచింది, నేను కూడా వెళ్ళి నాలుగు మాటలు అన్నాను. చాలా నెలల తరువాత, కోపం చల్లారాక, వాడు నాతో ఒక మాట అన్నాడు. "బాబాయ్, తొమ్మిది రోజులు ముట్టుకోలేదు గదా, ఆ తొమ్మిది రోజులూ ఎవరూ ఏమీ అనలేదేం?"

ఆ ప్రశ్నకు జవాబు వెదుకుతూ చదివినదే ఈ చరిత్ర.

1973లో ఇల్లినాయి రాష్ట్రంలో అన్నా అనే చిన్న ఊరి ప్రభుత్వ ఆసుపత్రిలో జార్జి హంట్, నేథన్ అజ్రిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు తాగుబోతులకు ఒక కొత్త చికిత్స చేసి ఫలితాలు ప్రచురించారు. స్కిన్నరు పావురాలతో చేసిన ప్రయోగాల సంప్రదాయం వారిది. పావురం మీట నొక్కితే గింజ పడుతుంది. గింజ పడితే మళ్ళీ నొక్కుతుంది. మనిషికి సారా కూడా అలాంటి గింజే. మరి ఆ గింజను లాక్కోవడమొక్కటే మార్గమా? తాగకుండా ఉండే జీవితంలో అంతకంటె మంచి గింజలు పడేటట్టు ఏర్పాటు చేయలేమా? ఇదీ వారి ఆలోచన. ఉద్యోగం వెదికిపెట్టారు, భార్యాభర్తల మధ్య మాట కలిపారు, సారా లేని కాలక్షేపానికి చోటు చూపారు. తాగితే ఇవి కొంతసేపు దూరమవుతాయి, మానితే దక్కుతాయి. మాట్లాడి మార్చడం కాక, బ్రతుకు చుట్టూ ఉన్న లాభనష్టాలను మార్చడం.

1980లలో అమెరికాను కొకైను ముంచెత్తింది. క్రాక్ అనే చౌక రూపం వచ్చాక అది బీదల వాడలకు చేరింది. వైద్యులు మందుల కోసం వెదికారు. కుంగుబాటుకు వాడే డెసిప్రమిను పనిచేస్తుందని కొంతకాలం ఆశపడ్డారు, ఆ ఆశ నిలవలేదు. ఓపీకి వచ్చిన కొకైను రోగుల్లో చాలామంది రెండో మూడో వారానికే కనబడకుండా పోయేవారు. ఆ దశలో వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ హిగ్గిన్స్ అనే పరిశోధకుడు హంట్, అజ్రిన్‌ల పద్ధతికి ఒక చీటీని జతచేశాడు. 1991లో మొదటి ఫలితాలు, 1993లో, 1994లో వాటిని గట్టిపరిచే ఫలితాలు వెలువడ్డాయి.

ఆ చీటీ లెక్క కొంచెం వివరంగా చెబుతాను. దానిలోనే కిటుకు ఉంది.

రోగి వారానికి మూడుసార్లు క్లినిక్కుకు వచ్చి, సిబ్బంది ఎదుట మూత్ర పరీక్షకు నమూనా ఇవ్వాలి. కొకైను జాడ లేకపోతే ఆ క్షణంలోనే ఒక చీటీ ఇస్తారు. మొదటిదాని విలువ రెండున్నర డాలర్లు. రెండవసారి కూడా శుభ్రంగా ఉంటే మూడు డాలర్ల డెబ్బై అయిదు సెంట్లు. ఇలా ప్రతిసారీ ఒకటింబావు డాలరు పెరుగుతూ పోతుంది. వరసగా మూడు శుభ్రమైతే పైన పది డాలర్లు అదనం. పన్నెండు వారాల్లో 36 పరీక్షలు. ఆఖరి చీటీ విలువ నలభై ఆరుంబావు. ఒక్కసారి కూడా తప్పనివాడికి మొత్తం 997 డాలర్ల 50 సెంట్లు వస్తాయి. తప్పితేనో, పరీక్షకు రాకపోతేనో, చీటీ విలువ మళ్ళీ రెండున్నరకు పడిపోతుంది. కూడబెట్టుకున్నది మాత్రం పోదు. ఆ తరువాత వరసగా అయిదుసార్లు శుభ్రంగా ఉంటే ఎక్కడ జారిపడ్డాడో ఆ మెట్టుకే తిరిగి ఎక్కిస్తారు.

ఈ చివరి నియమం రాసినవాడికి మనుషులు తెలుసు. జారినవాణ్ణి పూర్తిగా అడుక్కు తోసేస్తే 'ఎలాగూ పోయింది' అని ఇంకా జారతాడు. ఏమీ పోకపోతే జారడానికి భయం ఉండదు. అయిదు పరీక్షలంటే ఇంచుమించు పన్నెండు రోజులు. అంత దూరంలో పాత మెట్టు కనబడుతూ ఉంటుంది.

చీటీకి బదులు నగదు ఇవ్వరు. రోగి ఫలానా కావాలంటే క్లినిక్కు మనిషి వెళ్ళి కొని తెస్తాడు. చేపలు పట్టే అనుమతి పత్రం, మంచుకొండల మీద జారే ఆటకు టికెట్లు, సైకిలు సామాను, చదువుకునే పుస్తకాలు, ఇలాంటివి. అంటే కొకైనుకు బదులు ఆదివారం ఏం చేస్తావు అన్న ప్రశ్నకు జవాబు కొనిపెట్టడం. దీనితోపాటు సలహాదారుతో గంట గంట మాటలు, ఉద్యోగ ప్రయత్నం, భార్యనో భర్తనో కూర్చోబెట్టి చేసే ఒప్పందాలు, తాగుడు కూడా ఉన్నవారికి డైసల్ఫిరాము.

1993 పరిశీలనలో 38 మంది. సగం మందికి ఈ పద్ధతి, సగం మందికి అప్పటికి వాడుకలో ఉన్న కౌన్సెలింగు. ఇరవై నాలుగు వారాలు చివరిదాకా నిలిచినవారు ఇటు 19 మందిలో 11 మంది, అటు ఇద్దరు. కనీసం ఎనిమిది వారాలు ఎడతెగక కొకైను మానినవారు ఇటు 13 మంది, అటు ఇద్దరు. ఇంత తేడా చీటీదా, తక్కిన మాటలూ ఒప్పందాలదా? 1994లో 40 మందికి అన్నీ సమానంగా ఇచ్చి, సగం మందికే చీటీలు ఇచ్చి చూశారు. చీటీలు ఉన్నవారిలో 75 శాతం చివరిదాకా నిలిచారు, లేనివారిలో 40 శాతం.

"ఇది లంచం కాదా?" అన్నారు మా పెద్దాయన ఈ కథ విని. అమెరికాలోనూ అదే అన్నారు. తప్పు చేసినవాడికి మానుతున్నందుకు బహుమతా? ఏ రోజూ ముట్టనివాడికి ఎవరు ఇస్తున్నారు? నా మట్టుకు నాకు ఈ అభ్యంతరం మొదట సబబుగానే తోచింది. నా మనసు మార్చినది బాల్టిమోరులో కెన్నెత్ సిల్వర్మన్ బృందం 1996లో ప్రచురించిన పరిశీలన. హెరాయినుకు మెథడోను తీసుకుంటూనే కొకైను మానలేకపోతున్నవారు వాళ్ళ రోగులు. ఒక గుంపుకు శుభ్రమైన పరీక్షకే చీటీ. రెండవ గుంపుకు అదే విలువ చీటీలు, కాని పరీక్ష ఎలా వచ్చినా ఇస్తారు. మొదటి గుంపులో 47 శాతం మంది ఏడు వారాలు దాటి కొకైను లేకుండా ఉన్నారు. రెండవ గుంపులో రెండు వారాలు దాటినవాడు ఒకే ఒక్కడు. డబ్బుకు లొంగేవారే అయితే ఇద్దరూ లొంగాలి. పనిచేసింది డబ్బు కాదు. 'నువ్వు ఈ రోజు నిలబడ్డావు, మేము చూశాము' అని వెంటనే, తప్పకుండా, ఒకరు ముద్ర వేసి ఇవ్వడం పనిచేసింది.

సిల్వర్మనే తరువాత మరో అడుగు వేశాడు. చీటీకి బదులు పనినే బహుమతి చేశాడు. పొద్దున్నే పరీక్ష ఇచ్చి, శుభ్రంగా ఉంటే లోపలికి వచ్చి టైపింగు, డేటా నమోదు నేర్చుకుని ఆ పూటకు కూలి తీసుకోవచ్చు. లేకపోతే ఆ పూటకు పని లేదు. రేపు మళ్ళీ రావచ్చు. షిఫ్టుల లెక్కన బతికే మా ఊరివాళ్ళకు ఇంతకంటె బాగా అర్థమయ్యే చికిత్స ఉండదు. మూడు నెలలు తాళం వేస్తే బి షిఫ్టు కాంట్రాక్టు కూలీకి తిరిగి వచ్చేసరికి గేటు పాసు ఉండదు. పని పోయినవాడికి మత్తు తప్ప మిగిలిన గింజ ఏముంది?

లోపాలు లేవా అంటే ఉన్నాయి. చీటీలు ఆగిపోయాక ఫలితం కొంత సడలుతుంది. ఇక్కడ యేల్ విశ్వవిద్యాలయంలో కాథలీన్ కారల్ చేసిన పని జోడించాలి. కోరిక ఎప్పుడు పుడుతుంది, ఏ సందు మలుపులో, ఏ స్నేహితుడి ఫోనుతో, జీతం అందిన ఏ సాయంత్రం, ఇవి రోగి తానే గుర్తించి తప్పుకునే నేర్పు నేర్పడం ఆ పద్ధతి. 1994లో వెలువడిన ఏడాది తరువాతి ఫలితాల్లో, ఆ నేర్పు పొందినవారు చికిత్స ముగిశాక కూడా మెరుగవుతూ వచ్చారని తేలింది. చీటీ వెంటనే పట్టుకుంటుంది, నేర్పు ఆలస్యంగా పండుతుంది.

రెండవ లోపం ఖర్చు. వెయ్యి డాలర్లు ఏ ఆసుపత్రి పెట్టగలదు? నాన్సీ పెట్రీ అనే పరిశోధకురాలు 2000లో దీనికి మన తిరునాళ్ళ లాటరీని పోలిన ఉపాయం కనిపెట్టింది. ఒక గిన్నె నిండా చీటీలు. శుభ్రంగా వచ్చినవాడు చెయ్యిపెట్టి తీయాలి. సగం చీటీల మీద 'భేష్' అన్న మాట తప్ప ఏమీ ఉండదు. తక్కినవాటిలో ఎక్కువ ఒక డాలరు వస్తువులు, కొన్ని ఇరవై డాలర్లవి, ఒకే ఒక్కటి వంద డాలర్లది. వరసగా శుభ్రంగా ఉన్నకొద్దీ తీసే చీటీల సంఖ్య పెరుగుతుంది. 2005లో ఎనిమిది మామూలు క్లినిక్కుల్లో, కొకైను వంటి ఉత్తేజక మత్తులు వాడే 415 మందితో చేసిన పరిశీలనలో ఇదీ నిలిచింది. 2011 నుండి అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రులు దీన్ని అమలులో పెట్టాయి. 2018లో పెట్రీ చనిపోయింది. అప్పటికి ఆమె వయసు యాభై దాటలేదు.

మన దగ్గర చరిత్ర వేరే దారిన నడిచింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు లేచి సారా కొట్లు మూయించారు. అక్షరదీక్ష వాచకంలో సీతమ్మ కథ చదివి లేచారని చెబుతారు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం, 1997లో దాని సడలింపు. ఆ ఉద్యమాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. అంత గొప్ప సంఘటన మన తరంలో మరొకటి లేదు. అయితే అందరూ సీసాను చూశారు గాని, సీసా లేని ఇంట్లో చేతులు వణుకుతూ కూర్చున్నవాణ్ణి చూసినవారు తక్కువ. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని ఒకేచోట తగులబెట్టారు. ఆ పొగ ఛాయాచిత్రాలు అన్ని పత్రికల్లోనూ వచ్చాయి. అదే వారం ఓపీ చీటీ పట్టుకుని వరసలో నిలబడినవాడి ఛాయాచిత్రం నేను చూడలేదు.

చట్టం మరీ గుడ్డిది కాదు. 1985 మాదకద్రవ్యాల చట్టం 27వ సెక్షను కింద కొకైను వాడినవాడికి ఏడాది దాకా జైలు ఉంది. అదే చట్టంలో 64ఎ సెక్షను, వ్యసనపరుడు తానుగా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్సకు ఒప్పుకుంటే విచారణ నుండి రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ తీసివేయవచ్చు. ఇదీ ఒక విధంగా చీటీయే. కాని ఎంత దూరపు చీటీ! వారానికి మూడుసార్లు చేతిలో పడదు.

కొకైను కోసం ఇదంతా మనకెందుకు అని అడగవచ్చు. 2019లో ప్రచురించిన జాతీయ సర్వేలో దేశంలో కొకైను వాడేవారు వెయ్యికి ఒక్కరు. మద్యం తాగేవారు నూటికి పద్నాలుగు మందికి పైనే. నిజమే. కాని వెర్మాంట్ చీటీ కొకైనుతో ఆగలేదు. 2000లో ఆలన్ బడ్నీ అక్కడే గంజాయి రోగులకు అదే చీటీ ఇచ్చి చూస్తే, మాటల చికిత్స ఒక్కటే కంటె చీటీ కలిసిన చికిత్స మెరుగైంది. గంజాయి వ్యసనానికీ ఆమోదం పొందిన మందు లేదు. మన ఏజెన్సీ కొండల నుండి దిగివచ్చేది గంజాయే.

మా అన్నయ్య కొడుకు ఇప్పుడు ఓపీకే వెళుతున్నాడు. వారానికి ఒకసారి, జనరల్ షిఫ్టుకు ముందు. పని కూడా మరోచోట దొరికింది. నేను చదివినది మా వదినకు చెప్పాను. ఆవిడ గోడ క్యాలెండరులో శుభ్రమైన రోజుకు ఒక పసుపు చుక్క పెడుతోంది. ఏడు చుక్కలకు వాడి బండికి పెట్రోలు. మూత్ర పరీక్ష లేకుండా ఇంట్లో చేసేది అసలు పద్ధతి కాదని, వాడు అబద్ధమాడితే తెలియదని ఆవిడకు చెప్పాను. "అబద్ధమాడిన రోజు వాడి మొహం నాకు తెలియదా" అంది. ఇప్పటికి రెండుసార్లు లెక్క మొదటికి వచ్చింది. మొన్న ఆదివారం వెళ్ళినప్పుడు చూశాను, ఇరవై ఆరు చుక్కలు ఉన్నాయి. ఇరవై ఏడవది పెట్టడం వదిన మరచిపోయిందట. వాడే పసుపు డబ్బా తెచ్చి గుర్తుచేశాడు.